ఎడమ జేబు

మా ఆయన ఏప్రన్లకు ఎప్పుడూ ఎడమ జేబే ముందు చిరిగేది. పాటలు వినిపించే పాత గాజు వాల్వుల యాంప్లిఫైయర్‌ని పక్కకు వాల్చి, అడుగు రేకు ఊడదీసి, కరెంటు ఉండగానే లోపల కొలతలు చూడాలంటే కుడి చేత్తో మీటరు పుల్ల పట్టుకుని, ఎడమ చెయ్యి జేబులో దాచుకోవాలి. రెండు చేతులూ తగిలితే ఒక చేతిలోంచి ఎక్కిన కరెంటు గుండె మీదుగా రెండో చేతిలోంచి దిగిపోతుంది. లోపల ఉండేది నాలుగు వందల వోల్టులు. పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం అదే. జేబులో పిడికిలి బిగించి పట్టుకునేవారు. ఆ బిగింపుకి కుట్లు తెగిపోయేవి. కొత్త సంవత్సరం ముందు ఇల్లంతా దులిపే రోజుల్లో ఆ జేబు లోపల మందపాటి గుడ్డ వేసి కుట్టడం నాకు అలవాటు.

ఈసారి కుట్టడానికి ఏమీ లేదు. పోయిన ఏడు వేసిన గుడ్డ వేసినట్టే ఉంది. అలాగని ఆయన పని మానిందేమీ లేదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగ విరమణ అయ్యాక భోజనాల వేళ తప్ప పని బల్ల దగ్గరే ఉంటున్నారు. ఏప్రన్ ముందు భాగమంతా టంకం కాలిన మచ్చలే.

టీ పట్టుకుని పని గది దాకా వెళ్ళి, లోపలికి పోకుండా గుమ్మంలో నిలబడి చూశాను. వాల్వులు వెలుగుతున్నాయి. కుడి చేతిలో మీటరు పుల్ల ఉంది. ఎడమ చెయ్యి యాంప్ ఇనప చట్రం అంచు మీద ఆనించి ఉంది.

ఆయన పుల్ల బయటికి తీసేదాకా పలకరిస్తే ఉలిక్కిపడతారని ఆగాను.

"ఏవండీ, ఎడమ చెయ్యి," అన్నాను.

"ఏమైంది దానికి?"

"జేబులో లేదు."

ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వారు. "చలిగా లేదుగా!" అన్నారు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇవాళ ఏ వారమో అడిగారు, వంద లోంచి ఏడేసి తీసేయమన్నారు. ఆయన గబగబా తీసేశారు. పైగా అక్కడి గోడ గడియారంలోంచి వచ్చే రొద ఎందుకొస్తోందో డాక్టరుకే చెప్పి వచ్చారు. "మీ ఆయన బుర్ర నాకంటే చురుగ్గా ఉందమ్మా. మీరే కాస్త నిద్రపోండి," అన్నారు డాక్టరు.

ఇక తొకునాగా గారికి చెప్పాలి. ఆయన పళ్ళ డాక్టరుగా పనిచేసి మానేశారు. ప్రతి ఆదివారం నలుగురైదుగురు మా ఇంట్లో చేరి రికార్డులు వినే బృందంలో అందరికంటే పాతవారు. మా ఆయనలాగే ఆయన కూడా ఇంట్లో వాల్వులు పెట్టుకుని కూర్చునే మనిషే. ఆ నెలలో ఆయన ఎవరో పోయినవారి సామాన్లలోంచి రికార్డు నుంచి వచ్చే సన్నని ధ్వనిని మొదట అందుకునే పాత అమెరికా ప్రీయాంప్ ఒకటి కొన్నారు. స్పీకర్లను మోగించే మా పవర్ యాంప్‌కి కలిపి చూస్తే పాట పల్చగా, కింది స్వరం లేకుండా వస్తోంది. ఆ రెంటినీ కుదర్చమని మా ఆయనకే అప్పగించారు.

"ఆ పని వద్దండీ. మా యాంప్ కూడా మీరు తీసుకుపోండి," అన్నాను, తొకునాగా గారు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే.

"మా ఆవిడదీ ఇదే పాట వదినగారూ! కాకపోతే ఆవిడ పెట్టెతో పాటు నన్ను కూడా ఎవరైనా పట్టుకుపోతే బావుండునంటుంది."

"నవ్వులాట కాదండీ. రెండు చేతులూ లోపల పెడుతున్నారు. ఆ సంగతి ఆయనకే గుర్తు లేదు."

"కువబారాకా?" అన్నారు. మా ఆయన్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు ఆయన. "ఇందాక నాకు గంటసేపు పాఠం చెప్పాడు. నేను కాలేజీలో కూడా అంత శ్రద్ధగా వినలేదు." బూటు లేసు ముడి వేసి లేచి నిలబడ్డారు. "మీ ఆడవాళ్ళకి ఆ పెట్టెల మీద కోపం ఉంటుంది. తప్పని నేననను. గది సగం అవే తినేస్తాయి మరి."

నాకు ఆ పెట్టెల మీద కోపం లేదు. వాటి మీద దుమ్ము తుడిచేది నేనే. ఏ వాల్వు ఎప్పుడు మార్చారో కూడా నాకు తెలుసు. కానీ ఆడదాని మాట ఆ గదిలో దుమ్ము దగ్గరే ఆగిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం తొకునాగా గారు ఒక్కరే వచ్చారు. చలికి కిరోసిన్ పొయ్యి వెలిగించి, నంజుకోవడానికి ఊరబెట్టిన ఆకుకూర, టీ పెట్టి, నేను మా ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాను.

"వదినగారు కాపలా కాస్తున్నారోయ్," అన్నారు తొకునాగా గారు.

"ఈ రెండు పెట్టెల పెళ్ళిచూపులు చూడ్డానికి వచ్చింది," అన్నారు మా ఆయన. "ఇదిగో చూడు. నీ ప్రీయాంప్ చిన్న గొంతున్న పిల్ల. మెల్లగా మాట్లాడుతుంది. నా పవర్ యాంప్ అత్తగారు. గుమ్మంలోనే పిల్ల బలమంతా లాగేస్తోంది. ఇచ్చే వైపు ఎంత అడ్డు ఉందో, పుచ్చుకునే వైపు దానికి పది రెట్లయినా ఉండాలి. లేకపోతే ముందు చచ్చేది కింది స్వరం. అందుకే గుమ్మంలో ఈ రెసిస్టర్ మార్చాను. ఇప్పుడు అత్తగారు కాస్త ఓపిక పడుతుంది."

"ఎక్కడైనా పడిందా అత్తగారు!"

ఇద్దరూ నవ్వారు. ఒక్క మాట తడబడలేదు, ఒక్క అంకె తప్పలేదు. వింటుంటే నాకే అనుమానం వచ్చింది, డాక్టరన్నట్టు నిద్ర లేనిది నాకేనేమోనని.

కొలతలు సరిచూడాలని ఆయన స్విచ్ వేశారు. వాల్వులు వేడెక్కాయి. కుడి చేత్తో పుల్ల లోపలికి పోనిచ్చారు. ఒక తీగ అడ్డంగా ఉంది. దాన్ని పక్కకు తొలగించడానికి ఎడమ చెయ్యి లేచింది.

ప్లగ్గు పీకితే లాభం లేదు. లోపలి కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. ఒంటిని తాకకూడదు. వీపు మీద ఏప్రన్ తాళ్ళు నేనే ముడి వేశాను. ఆ ముడి రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ వెనక్కి లాగాను. కుర్చీతో సహా ఆయన చాప మీద పడ్డారు.

"మతి గానీ పోయిందా నీకు!" అని అరిచారు. నా మీద ఆయన గొంతెత్తడం అదే మొదలు.

తొకునాగా గారు నావైపు చూడటం లేదు. ఆయన ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. చూడ్డానికి వంగినప్పుడే అలవాటు కొద్దీ దానంతట అది వెళ్ళిపోయింది. ఆ చెయ్యి బయటికి తీసి, మా ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"కువబారా, నాకు మొట్టమొదట యాంప్ విప్పడం నేర్పింది నువ్వేనోయ్. అప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టుకోమన్నావు?"

మా ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. పరీక్షలో పక్కవాడి కాగితం వైపు చూసే పిల్లాడిలా ఉంది ఆ చూపు.

"ఎక్కడేంటి?" అన్నారు చివరికి. "భుజానికేగా ఉంటుంది."

తొకునాగా గారు నవ్వలేదు. లేచి స్విచ్ కట్టేశారు.

ఆ వారంలో మా ఆయన క్షవరానికి వెళ్ళిన పూట తొకునాగా గారు కారు తెచ్చారు. పవర్ యాంప్‌ని ఇద్దరం చెరో వైపు పట్టుకుని మోశాం. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న వైపు ఆయన పట్టుకున్నారు.

"అతనికి మిగిలిందిదొక్కటే కదా వదినగారూ," అన్నారు ఆయాసపడుతూ.

"ప్రాణం కూడా మిగలాలి కదండీ."

మా ఆయన అడిగితే ఏం చెప్పాలో నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ తీగ మళ్ళీ చుట్టించడానికి ఒసాకా పంపాం. చుట్టేది ఒక్క ముసలాయనే, అందుకే ఆలస్యం అని. ఫోనులో మాట తేడా రాకూడదని తొకునాగా గారి చేత కూడా ఆ మాటలే చెప్పించుకుని విన్నాను. సంగీతం బొత్తిగా లేకపోతే ఎలా అంటే భోజనాల గదిలో చిన్న రేడియో ఉంది. దానికీ ఒక జవాబు సిద్ధం చేసుకున్నాను.

మా ఆయన మెడ మీద పౌడరు వాసనతో తిరిగి వచ్చారు. స్పీకర్ల ఎదురుగా తన కుర్చీలో కూర్చున్నారు. అరలో యాంప్ ఉండే చోట కర్ర రంగు చుట్టుపక్కల కంటే ముదురుగా, నలుచదరంగా కనిపిస్తోంది. ఆయన దాన్ని చూశారు. నేను టీ పళ్ళెం పట్టుకుని, ఒసాకా మాట నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన కప్పు అందుకుని రెండు గుక్కలు తాగి, దాన్ని ఆ ఖాళీలో పెట్టారు.

మర్నాడు అక్కడ పేపరు పెట్టారు. ఆ మర్నాడు కళ్ళజోడు. వారాంతానికి ఆ అర నిండిపోయింది.

ఆదివారం ఎవరూ రాలేదు. మధ్యాహ్నం తొకునాగా గారు ఫోన్ చేశారు.

"నమ్మాడా?" అన్నారు.

"అడగలేదండీ."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా అడగలేదు."

ముందుగదిలోంచి మా ఆయన, టీ ఇంకాస్త ఉందా అని పిలిచారు.