బైకే అనొద్దు

జుట్టుకు రంగు వేయించుకోవడం ఎసెన్‌బెక్‌కు బొత్తిగా ఇష్టం లేదు. కానీ అతని భార్య బురుల్ వినే రకమా? కుట్టుమిషను ఆపి, మొగుణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాలకు పాత దుప్పటి చుట్టి, నల్లరంగు పులమడం మొదలుపెట్టింది.

"చెవికి కూడా పూస్తున్నావు," అన్నాడతను.

"చెవికి మాత్రం వయసు రాలేదా ఏం? దానికీ కాస్త పడనీ."

మా బిష్కెక్ నగరంలో ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా మీసాలు సరిగా మొలవని పిల్లలు. ఎసెన్‌బెక్ ఈ పనిలో దిగిన రోజుల్లో ఊళ్ళో కంప్యూటరు చూసినవాళ్ళే తక్కువ. ఒక కంప్యూటరు భాష నేర్చుకుని దానితో నాలుగు మెతుకులు తింటుండగానే అది పాతదైపోయిందన్నారు. సరేనని ఇంకోటి నేర్చుకున్నాడు. ఆ తర్వాత లోకమంతా ఫోన్లలోకి వెళ్ళిపోయింది, అదీ నేర్చుకున్నాడు. గాలి మళ్ళినప్పుడల్లా తనూ మళ్ళి, కుర్రాళ్ళ పక్కన కూర్చుని మొదటి పాఠం నుంచి దిద్దుకున్న మనిషి. ఈసారి వచ్చింది ప్రోగ్రాములు తనంతట తనే రాసే యంత్రం. దాన్ని కూడా నేర్చుకుంటానని ఇతను అనేలోపే కంపెనీ సగంమందికి దణ్ణం పెట్టేసింది.

అప్పటినుంచీ ఎన్ని చోట్ల అడిగినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పగలంతా బురుల్ కుట్టిన గౌన్లకు వేలాడే దారాలు కత్తిరిస్తూ కూర్చుంటాడు. ఎవరైనా తలుపు తడితే కత్తెర దిండు కింద దాచేస్తాడు. బురుల్ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అలాంటిది, ఇన్నాళ్ళకు ఒక్క కంపెనీ పిలిచింది. పెట్టిన పరీక్ష గట్టెక్కాడు. ఇక మిగిలింది అక్కడ పనిచేసే గుంపుకు పెద్దగా ఉన్న కుర్రాడితో మాట్లాడటం, ఆ గుంపుతో కలిసి భోంచేయడం. ఇదీ తప్పిపోతే ఇంకో పిలుపు వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు.

"నీ పెద్దరికం గుమ్మం బయటే వదిలేసి వెళ్ళు," అంది బురుల్ అతని తల తుడుస్తూ. "బైకే అన్నారంటే నీ పని అయిపోయినట్టే."

నిజమే. మా దగ్గర తనకన్నా పెద్దవాణ్ణి పేరుపెట్టి పిలిచే తెగువ ఎవడికీ ఉండదు. బైకే అంటారు, అన్నగారూ అన్నట్టు. ఆ మాట నోటినుంచి ఊడిపడ్డాక ఇక అవతలివాడి తప్పు తప్పని చెప్పడానికి నోరు పెగలదు.

"రండి బైకే, కూర్చోండి," అంటూనే మర్నాడు ఆఫీసులో ఎదురొచ్చాడు బెక్‌తూర్. ఆ గుంపుకు పెద్ద అతనే, పాతికేళ్ళవాడు.

"ఎసెన్ అను చాలు. మీరూ గీరూ వద్దు, నువ్వు అను."

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "సరే... ఎసెన్," అన్నాడు, వేడి బంగాళాదుంప నోట్లో పెట్టుకున్నవాడిలా. కాసేపటికి సర్దుకుని విషయంలోకి వచ్చాడు. "ముందే చెప్తున్నా. ఇదివరకు ముగ్గురు రాసేది ఇప్పుడు యంత్రమే రాసేస్తోంది. మనకు మిగిలింది తప్పులు పట్టడమే. దాని తప్పులూ, మనలో ఒకళ్ళ తప్పులు ఒకళ్ళూ. ఇక్కడ మొహమాటాల్లేవు. చెత్తగా ఉంటే చెత్తగా ఉందని మొహం మీదే అంటాం. ఓర్చుకోగలవా?"

"నన్ను రోజుకోసారి తిట్టు, ఏమీ అనుకోను."

బెక్‌తూర్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎసెన్‌బెక్ ప్రాణం లేచొచ్చింది.

భోజనాల గదిలో అంతకన్నా జాగ్రత్తగా ఉన్నాడు. తలుపుకు దూరంగా ఉండే పెద్దల చోటు తనకోసం ఖాళీగా ఉంచితే, చూడనట్టే వచ్చి తలుపు దగ్గర, చిన్నవాళ్ళు కూర్చునే చోట కూలబడ్డాడు. చిన్నవాళ్ళు పోయాల్సిన టీ తనే పోశాడు. అయిదాయ్ అనే పిల్ల కంగారుగా కూజా అందుకోబోతే, "నీ చేయి మాంతీ కుడుముల మీద ఉండనీ, చల్లారిపోతాయి," అని నవ్వించాడు. యంత్రం చేసిన వెర్రి తప్పుల గురించి తలా ఒకటి చెప్పుకున్నారు. ఒకడు ఏకంగా "అబద్ధం చెప్పకు ఎసెన్" అని కూడా అన్నాడు. చెప్పొద్దూ, ఆ మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తినడం అయిపోయింది. ఎవరూ లేవలేదు.

ఎందుకు లేవడం లేదో అతనికి ముందు తట్టలేదు. ఒకడు గిన్నె అంచు తడుముతున్నాడు, అయిదాయ్ రొట్టె ముక్కలు ఏరుతోంది. అందరూ ఎవరికోసమో కాచుకున్నట్టు ఉన్నారు. రోజూ ఆ పిల్లలు మూతులు తుడుచుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళే అయ్యుంటారు. కానీ ఇవాళ బల్ల దగ్గర ఒక పెద్దవాడున్నాడు. పెద్దవాడు దీవించకుండా అన్నం దగ్గర నుంచి లేవడం వాళ్ళ అమ్మలు నేర్పలేదు. ఇతని అమ్మ మాత్రం నేర్పిందా? అనుకోకుండానే రెండు చేతులూ లేచాయి, అరచేతులు తెరుచుకున్నాయి.

"ఈ అన్నం పెట్టిన చేతులు చల్లగా ఉండాలి. మీ పనికి కొదవ రాకూడదు. మీ కుర్చీలోంచి మిమ్మల్ని ఎవరూ లేపకూడదు. ఓమిన్."

"ఓమిన్," అని, తథాస్తు పలికినట్టు, అందరూ అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. చేతులు దించేసరికి ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అతనికి మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ అయిపోయారు. ఇందాక అబద్ధం చెప్పకన్నవాడు తల వంచుకుని అతని గిన్నె తీశాడు. అయ్యో, ఎంత పని చేశాను అనుకున్నాడు ఎసెన్‌బెక్.

బెక్‌తూర్ లిఫ్టు దాకా వచ్చి, కోటు తొడుక్కోవడానికి పట్టుకున్నాడు.

"మా తాత పోయాక ఇలాంటి దీవెన వినలేదు బైకే," అన్నాడు. మాట మనసులోంచే వచ్చింది.

"నేను రాసింది చెత్తగా ఉంటే చెప్తావా?"

"ఎందుకు చెప్పను బైకే." బెక్‌తూర్ నేల చూపులు చూశాడు. "మెల్లగా... చెప్తాను."

ఎసెన్‌బెక్ వాడి భుజం తట్టి లిఫ్టెక్కాడు. వాడి మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది.

వారం తిరక్కుండా ఫోనుకు సందేశం వచ్చింది. అతను కిటికీ దగ్గర దారాలు కత్తిరిస్తున్నాడు. చదివి మళ్ళీ చదివాడు. బురుల్ మిషను మీద నుంచి కాలు తీసింది.

"చదువు, వింటాను."

"హాయ్ ఎసెన్, మాతో గడిపినందుకు నీకు థాంక్స్. నీ అనుభవం మాకు నచ్చింది. ఈసారికి నిన్ను తీసుకోలేకపోతున్నాం. నీకు అంతా మంచే జరగాలి."

"ఆ పిల్లాడే రాశాడా?"

"వాడెక్కడ రాయగలడు? వాడికి చెయ్యాడదు. యంత్రంతో రాయించారు."

బురుల్ మిషను సూదిలోకి దారం ఎక్కించింది. తర్వాత అడిగింది. "నిన్ను ఎసెన్ అనే అందా? నువ్వు అనే అందా?"

"తడుముకోకుండా అంది."

అతని చెవి మీద రంగు మరక ఇంకా పోలేదు. బురుల్ చూపు అక్కడే ఆగిపోయింది. మరో నాలుగు గౌన్లు అతనివైపు జరిపింది. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. ఎసెన్‌బెక్ కత్తెర చేతిలో పట్టుకునే వెళ్ళి తీశాడు.