టక్కుమనే చోటు

ఆరు వారాలుగా మా తమ్ముడు వెండెల్ నోట ఒకటే మాట: "ఛీ." కాఫీ కావాలా అంటే ఛీ. దిండు సర్దనా అంటే ఛీ. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు నాయనా" అంటే ఆయన మొహం మీదే ఛీ. పక్షవాతం వాడి కుడి చేతినీ మాటనీ ఒక్క దెబ్బతో ఎత్తుకుపోయి, ఈ ఒక్క ముక్కని మాత్రం ఎందుకు వదిలేసిందో దానికే తెలియాలి. పాస్టరుగారు నవ్వేసి వెళ్లిపోయారు కానీ నేను సిగ్గుతో చచ్చాను.

నా పేరు లొరెట్టా. మా టొలీడో ఊళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాను. అరవై మంది కోతుల్ని అద్దంలోంచి చూసి ఒక్క అరుపుతో కూర్చోబెట్టినదాన్ని. వెండెల్ కంటే రెండేళ్లు పెద్ద. నాకు మొగుడు పోయాడు, వాడికి పెళ్లాం వెళ్లిపోయింది. పక్కపక్క ఇళ్లలో ఉంటూ, పొద్దస్తమానం పోట్లాడుకుంటూ బాగానే బతుకుతున్నాం. పోట్లాడే మనిషి లేకపోతే ఇల్లు ఎంత బావురుమంటుందో ఈ ఆరు వారాల్లోనే తెలిసింది.

గురువారం వాడికి పరీక్ష. మాట తిరిగొచ్చే సూచన కనిపిస్తే ఆసుపత్రిలో ఇంకో మూడు నెలలు ఉంచుకుని మాటలు నేర్పిస్తారు. లేదంటే మంచం ఖాళీ చేయించి, ఊరి చివర మంచాన పడ్డవాళ్లని ఉంచే చోటికి పంపిస్తారు. మా అత్తగారు అక్కడికే వెళ్లింది. అక్కడ గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి మళ్లీ ఇటు తిరగలేదు. నా తమ్ముణ్ణి అక్కడికి పంపనిస్తానా? పంపనివ్వను. కానీ సంతకం పెట్టాల్సింది నేను కాదు, డాక్టర్ హాస్కిన్స్.

వాడికి మాటలు నేర్పే అమ్మాయి పేరు బ్రియానా. ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఓపికకి మారుపేరు.

"మాట పోయినవాళ్లకి కూడా పాట మిగులుతుంది లొరెట్టాగారూ. మెదడులో దాని చోటు వేరే. కుర్రతనంలో ఆయన బాగా పాడుకున్న పాట ఏదైనా ఉందా?" అని సోమవారం అడిగింది.

"ఉందా అంటావేమిటమ్మా! అది వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి" అన్నాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ ఒకటే. శనివారం పాటల కార్యక్రమం వస్తుంటే, బొమ్మ నిలవడానికి ఎవరో ఒకరు యాంటెన్నా కొమ్ములు పట్టుకుని టీవీ పక్కన నిలబడాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ వెండెలే. పాటలన్నీ విన్నాడే తప్ప ఒక్క గాయకుడి మొహమైనా వాడు తిన్నగా చూసి ఎరగడు. ఆ కసితోనే కాబోలు, డెబ్బై ఐదులో, పదిహేడేళ్లప్పుడు, ఎండాకాలమంతా ఊళ్లోవాళ్ల గడ్డి కోసి నారింజ రంగు డొక్కు కారు ఒకటి కొన్నాడు. అందులో ఎయిట్ ట్రాక్ టేపు వేసే పెట్టె ఉండేది. వాడి దగ్గరున్న టేపు కూడా ఒకటే. పుస్తకమంత ఉండేది. రెండు పాటలు ఒకేసారి మోగకుండా దాని కింద అగ్గిపెట్టె అట్ట దోపాలి. ఎరీ సరస్సు దాకా కిటికీలు దించుకుని అదే టేపు, అందులోనూ అదే పాట: "వాన దారిన వస్తున్నా, వాకిట దీపం ఆర్పకు."

నేను గొంతు కలిపితే చాలు, వాడు అనేవాడు, "అక్కా, నువ్వు పాడకు."

దాదాపు యాభై ఏళ్లుగా అదే మాట. చర్చిలో అన్నాడు. నా పెళ్లిలో అన్నాడు. నా మొగుణ్ణి సాగనంపే రోజున, నేను ఏడుస్తూ కీర్తన పాడుతుంటే పక్కనుంచి చెవిలో అన్నాడు, "నువ్వు పాడకే, ఆయన లేచొచ్చేస్తాడు" అని. ఆ ఏడుపులో నాకు నవ్వొచ్చింది. ఆ పూట నన్ను నిలబెట్టింది ఆ మాటే.

బ్రియానా తన ఫోనులో పాట వెతికి పెట్టింది. గిటారు మొదలైందో లేదో వెండెల్ తల ఎత్తాడు. తర్వాత, నమ్మండి నమ్మకపొండి, పాడాడు! బొంగురు గొంతే, కానీ ముక్క ముక్కా స్పష్టంగా వచ్చింది. మొదటి చరణం అయింది, రెండోది అయింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. మూడో చరణంలో "వంతెన దాటితే" అన్నాడు, ఆగిపోయాడు. ఫోను ముందుకి వెళ్లిపోయింది. వాడు ఫోను వంక గుర్రుగా చూసి, "ఛీ" అన్నాడు.

మంగళవారం కూడా "వంతెన దాటితే" దగ్గరే ఆగాడు. బుధవారమూ అంతే.

"అలసిపోతున్నారనుకుంటాను. డాక్టర్‌గారు పాట పూర్తిగా పాడగలరా అనే చూస్తారు. మధ్యలో తెగిపోతే అది ఏదో పాత అలవాటు తప్ప మాట కాదంటారు" అంది బ్రియానా, కాగితం మీద ఏదో రాస్తూ. ఆ రాసేది చదవకూడదని కిటికీ వైపు తిరిగాను.

ఆ సాయంత్రం ఇంటికి కారు నడుపుకుంటూ వస్తున్నాను. దిగులేస్తే నాకు పాట వస్తుంది. ఎవడు వద్దన్నా వస్తుంది. వాన దారి ఎత్తుకున్నాను. ఒక చరణం, రెండు. "వంతెన దాటితే..."

ఆగాను. నా నోరు దానంతట అదే ఆగింది. ఎర్ర దీపం దగ్గర కారు ఆపి, నోరు తెరుచుకుని దేనికోసమో ఎదురుచూస్తున్నాను. దేనికోసమే లొరెట్టా?

"టక్!" అని అరిచాను. పక్క కారువాడు తిరిగి చూశాడు. చూస్తే చూశాడు.

గురువారం పది గంటలకి డాక్టర్ హాస్కిన్స్ వచ్చాడు. గడియారం చూసుకుంటూ నడిచే రకం. బ్రియానా ఫోను తీసింది.

"అది కట్టెయ్ తల్లీ. వాడికి ఆ పాట రాదు" అన్నాను.

బ్రియానా బిత్తరపోయింది. "మూడు రోజులుగా పాడుతున్నారు కదండీ?"

"వాడికి వచ్చింది టేపులో పాట. ఆ టేపులో నాలుగు భాగాలుండేవి. పాట పొడుగైతే భాగం చివర సగంలో తెగిపోయేది. గొంతు మెల్లగా తగ్గిపోతుంది, కాసేపు ఏమీ వినపడదు, టక్కుమని పెట్టె తర్వాతి భాగానికి మారుతుంది, అప్పుడు మిగతా సగం వస్తుంది. ఈ వారం దాకా వాడు ఈ పాటని అతుకు లేకుండా ఎన్నడూ వినలేదు. నేనూ వినలేదు. వాడు ఆగిపోవడం లేదమ్మా, ఆ టక్కు కోసం చూస్తున్నాడు."

"మేడమ్, నాకు ఇరవై నిమిషాలే ఉన్నాయి" అన్నాడు హాస్కిన్స్.

"నా బస్సు కూడా టైముకే నడిచేది డాక్టర్‌గారూ. కూర్చోండి."

కూర్చున్నాడు.

వెండెల్ ఎదురుగా కుర్చీ లాక్కుని పాట ఎత్తుకున్నాను. నా గొంతు వినగానే వాడి కనుబొమలు ముడిపడ్డాయి. అయినా కలిపాడు. మొదటి చరణం పూర్తయింది. రెండోది కూడా. ఇది తప్పయితే ఈ సాయంత్రమే వాడి బట్టలు సంచీలో సర్దాలి.

"వంతెన దాటితే..." అన్నాడు వెండెల్. గొంతు మెల్లగా తగ్గించేశాడు, అచ్చం టేపులో లాగే. హాస్కిన్స్ కలం మూత తీశాడు. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుని, వేలి కణుపుతో బల్ల మీద కొట్టాను.

టక్.

"వంతెన దాటితే మన ఇల్లే!" వాడి గొంతు మెల్లగా పైకి లేచింది. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద దరువు వేస్తూ, కళ్లు మూసుకుని, చివరి చరణం, ఆ తర్వాత వచ్చే లలలలు కూడా వదలకుండా, అంతా పాడేశాడు. నేను మధ్యలోనే ఆపేశాను. ఏడుపొస్తుంటే ఎలా పాడతాను?

పాట అయ్యాక వాడు కళ్లు తెరిచి నా వంక చూశాడు. పెదాలు కదిలాయి. మెడ నరాలు బిగిశాయి.

"అ... అక్కా. నువ్వు..."

బ్రియానా ఒక అడుగు ముందుకి వేసింది.

"నువ్వు... పాడకు."

"ఏమన్నారు?" అన్నాడు హాస్కిన్స్, కుర్చీలోంచి లేచి. "పాటలో ఉన్న ముక్కా అది?"

"కాదండీ! సొంత మాట" అంది బ్రియానా, కళ్లు తుడుచుకుంటూ. "అక్షరాలా సొంత మాట."

హాస్కిన్స్ కాగితం మీద మూడు నెలలని రాసి సంతకం పెట్టాడు. ఇరవై నిమిషాలు దాటిపోయినా గడియారం చూసుకోలేదు. పోయేముందు బల్ల మీద నేను కొట్టిన చోట తనూ ఒకసారి వేలితో కొట్టి చూసుకున్నాడు.

నేను వెండెల్ తల నా పొట్టకి హత్తుకుని, "ఒరేయ్, దరిద్రుడా, యాభై ఏళ్లుగా ఆ మాటకి ఒళ్లు మండిపోయేదిరా నాకు" అన్నాను. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నాను.

"ఛీ" అన్నాడు వాడు. ఈసారి నిజంగా అదే అనాలనుకుని అన్నాడు.