నిడివి కాస్త తగ్గి ఉంటే

గురువారం పొద్దున్న మణిమాల ఇంటి నుంచి బస్టాండుకి వెళ్లే దారి మూడిళ్ల మేర తగ్గి ఉంది. నీలం గేటు ఇల్లు, దాని పక్క పెంకుటిల్లు, రత్తాలమ్మగారి డాబా ఇప్పుడు లేవు. కూల్చిన ఆనవాలు ఏమీ లేదు. అటు గోడనీ ఇటు గోడనీ దగ్గరికి లాగి కుట్టేసినట్టు రెండూ కలిసిపోయి ఉన్నాయి.

రత్తాలమ్మగారు వీధిలో కుర్చీ వేసుకుని బెండకాయలు తరుగుతోంది.

"మీ డాబా ఏదండీ పిన్నిగారూ?" అని మణిమాల అడుగుతుంది.

"తగ్గిందమ్మా. మా తోడికోడలు ఇంట్లో సర్దుకున్నాం. ఎవరో అన్నారంట, వీధి నిడివి ఎక్కువైందని. అన్నోళ్లకేం, నోరుంటే చాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో మరి."

మణిమాల బస్టాండు వైపు నడుస్తుంది. ఆ మాట ఎవరన్నారో ఆమెకు తెలుసు. నిన్న సాయంత్రం అయిదున్నరకి తన బ్లాగులో తనే అంది. అయితే అన్నది వీధిని కాదు, ఒక కథని.

మణిమాల రామచంద్రపురం బస్టాండులో ఎంక్వయిరీ గదిలో పనిచేస్తుంది. ఒక బస్సు వెళ్లి ఇంకో బస్సు వచ్చేలోపు కథలు చదువుతుంది. అందుకే బ్లాగుకి 'రెండు బస్సుల మధ్య' అని పేరు పెట్టుకుంది. వారానికో కథ, బుధవారానికో సమీక్ష. బ్లాగుని అనుసరించేవాళ్లు నలభైయొక్కమంది. వాళ్లలో ఆరుగురే వ్యాఖ్యలు రాస్తారు. ఆ ఆరుగురిలో ఇద్దరు ఒక్కడే, రెండు పేర్లతో రాస్తాడు. చిన్న సంసారమే గానీ, తొలి కథ రాసుకున్నవాళ్లు మాత్రం బుధవారం కోసం ఇంటర్ ఫలితాల కోసం చూసినట్టు చూస్తారు. అది మణిమాలకి తెలుసు. తెలిసి కొంచెం గర్వం కూడా ఉంది.

ప్రతి సమీక్ష చివరా ఒక వాక్యం ఉంటుంది. "నిడివి కాస్త తగ్గి ఉంటే మరింత బాగుండేది." తాలింపులో ఆవాల్లాగా అది పడకపోతే ఆమెకి సమీక్ష రాసినట్టే ఉండదు. ఒకసారి పోస్టుకార్డు మీద రాసిన కథకి కూడా అదే రాసింది. చదివినవాళ్లు నవ్వుకున్నారు. ఆమె అలవాటులో పొరపాటు అని సర్దుకుంది.

ఆ అలవాటు ఎంక్వయిరీ గదిలోంచి వచ్చింది. అద్దానికి అవతల ఎవరో "కాకినాడ బస్సెప్పుడండీ?" అంటారు. "పది నిమిషాల్లో," అంటుంది మణిమాల, తలెత్తకుండా. పంతొమ్మిదేళ్లుగా అదే జవాబు. బస్సు పది నిమిషాల్లో వచ్చినా, గంటకి వచ్చినా, అడిగినవాడు అప్పటికి ఇంకో కిటికీ దగ్గర ఉంటాడు.

ఈ గురువారం అద్దానికి అవతల నిలబడ్డ పెద్దమనిషి బస్సు గురించి అడగడు.

"నమస్కారమండి. గంటి వీర్రాజునండి. 'పన్నెండున్నర' కథ రాసింది నేనేనండి. కాలవ లాకుల మీద పనిచేసి రిటైరయ్యానండి."

అద్దం కింద ఉన్న కంతలోంచి కాయితాలు లోపలికి తోస్తాడు. "తవరు చెప్పినట్టు నిడివి తగ్గించానండి. పద్నాలుగు పేజీలు తొమ్మిదైందండి."

"ఏం తీసేశారండీ?"

"గట్టు తీసేశానండి. లాకు నుంచి మా ఇంటికి రెండు మైళ్లుండేదండి. ఇప్పుడు మైలుంపావేనండి."

మణిమాలకి ఇందులో వింతేమీ కనబడదు. తీసేయాల్సి వస్తే గట్టే తీసేయాలి, కాలవ తీసేస్తే పడవలకి ఇబ్బంది. కథ ఆమెకి గుర్తుంది, అంటే గుర్తున్నంత మేరకి గుర్తుంది. మొదట్లో లాకు తలుపు దించి ఒకాయన గట్టు వైపు చూస్తాడు. ఆయన భార్య చంద్రకాంతం క్యారియరు పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరుతుంది. చివర్లో పన్నెండున్నరకి వస్తుంది. మధ్యలో నడుస్తుంది కాబోలు.

"చదువుతానండి," అంటుంది. మండపేట బస్సు వస్తుంది.

బుధవారం ఆ తొమ్మిది పేజీలకి మళ్లీ సమీక్ష రాస్తుంది. ఎత్తుగడ బాగుందంటుంది, యాస సహజంగా ఉందంటుంది. రాసినంతసేపూ చెయ్యి తనే పరిగెడుతుంది. చివర ఆవాలు పడతాయి.

మర్నాటికి బస్టాండులో ఎనిమిది ప్లాట్‌ఫారాలు అయిదవుతాయి. కాకినాడ బస్సుకి నడుం లేదు, ముందు తలుపు పక్కనే వెనక తలుపు ఉంది. ద్రాక్షారామం ఎంత దగ్గరికి జరిగిందంటే, బస్సు కదలగానే కండక్టరు దిగమంటున్నాడు. ప్రయాణికులెవరూ గొడవ చెయ్యడం లేదు. "మంచిదే కదా, తొందరగా చేరిపోతున్నాం," అనుకుంటూ దిగుతున్నారు. దిగి, ఇంత తొందరగా వచ్చి ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడుతున్నారు.

వీర్రాజు వస్తాడు. ఈసారి నాలుగు పేజీలు ఉన్నాయి. మనిషి కూడా కొంచెం తగ్గినట్టున్నాడు.

"ఒంట్లో బాగాలేదా బాబాయిగారూ?"

"బాగానే ఉందండి. ఆవిడ గురించేనండి బెంగ." ఆయన కంతలోకి వంగి మాట్లాడతాడు. "ఆవిడ పోయి ఆరేళ్లయిందండి. పోయాక ఈ కథ రాసుకున్నానండి. రోజూ పదకొండూ ముప్పావుకి చదవడం మొదలెట్టేవోణ్ణి. ఒక్కో మాటా కూడబలుక్కుంటా చదివితే ముప్పావుగంట పట్టేదండి. ఆ ముప్పావుగంటా చంద్రకాంతం దారిలో ఉండేదండి. ఇప్పుడు ఇలా చెప్పులేసుకుంటే అలా వచ్చేత్తందండి. వచ్చేశాక కథ అయిపోద్ది కదండి. అయిపోయాక ఆవిడ లేదండి."

మణిమాల పెన్ను పక్కన పెడుతుంది. "మరి ఎందుకు తగ్గించారు?"

"తవరు చదివి చెప్పారు కదండి," అంటాడాయన, అంతకంటే వేరే కారణం ఉంటుందా అన్నట్టు. "చదివినోళ్ల మాట తీసెయ్యకూడదండి."

మణిమాల కంత దగ్గరికి వంగుతుంది.

"కోసేసిన పేజీలు ఉన్నాయా?"

"కాలవలో వదిలేశానండి. గట్టు కాయితాలు కదండి, ఎక్కడివక్కడికే పోవాలి. తవరికి పోస్టులో పంపిన మొదటి ప్రతి ఉండాలండి."

ఉంది. మధ్యాహ్నం భోజనం మానేసి మణిమాల ఇంటికెళ్లి, బీరువా అడుగు అరలోంచి ఆ కవరు తీస్తుంది. మొదటి మూడు పేజీల్లో వీర్రాజు గుండ్రటి అక్షరాలున్నాయి. పద్నాలుగో పేజీలోనూ ఉన్నాయి. నాలుగు నుంచి పదమూడు దాకా పేజీలు తెల్లగా ఉన్నాయి. వెలుతురుకి పట్టుకుని చూస్తుంది. కలం ఒత్తిన గీత కూడా లేదు. తను చదవని పేజీల్లో అక్షరాలు ఎవరికోసం ఉంటాయి?

మిగతా కవర్లూ తీస్తుంది. పదకొండేళ్ల కథలు. అన్నింటికీ మొదలుంది, చివరుంది. మధ్యలో తెలుపు. గచ్చు మీద పరిస్తే గది నిండా సున్నం వేసినట్టుంది. మణిమాలకి సిగ్గేస్తుంది. ఎవరూ చూడకపోయినా చెవులు వేడెక్కేంత సిగ్గు.

ఇక చేయాల్సింది ఒక్కటే. తను ఆ కథ చదవలేదని బ్లాగులో రాయాలి. రాస్తే నలభైయొక్కమందిలో ఎవరు మిగులుతారో తెలియదు. రాయకపోతే వచ్చే గురువారానికి చంద్రకాంతం మిగలదు.

రాస్తుంది. "నేను ఆ కథ చదవలేదు," అని కొడుతుంది. తెర మీద "నిడివి కాస్త తగ్గి ఉంటే మరింత బాగుండేది" అని పడుతుంది. చెరిపి మళ్లీ కొడుతుంది. మళ్లీ అదే పడుతుంది. ఒక్కో అక్షరం వెతుక్కుని, మొదటిసారి టైపు నేర్చుకునేవాళ్లలాగా కొడుతుంది. అదే పడుతుంది. బుధవారం అయిదున్నరకి బ్లాగు తనంతట తనే దాన్ని ప్రచురించుకుంటుంది. కింద ఒక వ్యాఖ్య వస్తుంది: "ఎప్పటిలాగే సూటిగా చెప్పారు మేడమ్." అయిదు నిమిషాలకి అతనే రెండో పేరుతో దాన్ని సమర్థిస్తాడు.

గురువారం బస్టాండుకి ఒక్కటే ప్లాట్‌ఫారం ఉంది. ఎంక్వయిరీ గదిలో మణిమాల మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాల్సి వస్తుంది. మైకు అందుకుని, ఇక్కడైనా చెప్పేద్దామని నోరు తెరుస్తుంది.

"ప్రయాణికులకు గమనిక. రాజమండ్రి వెళ్లు బస్సు నిడివి కాస్త తగ్గి ఉంటే మరింత బాగుండేది."

రాజమండ్రి బస్సు తగ్గుతుంది. డ్రైవరు దిగి దాన్ని చంకలో పెట్టుకుని డిపోలోకి వెళ్లిపోతాడు.

వీర్రాజు వచ్చి కంతలోంచి ఒక కాయితం ముక్క తోస్తాడు. బస్సు టిక్కెట్టంత ఉంది. దాని మీద "ఆమె వచ్చింది" అని రెండే మాటలు ఉన్నాయి.

"ఇంతేనండి కథ," అంటాడు. చేతిలో పెన్సిలుంది. "ఇంకా తగ్గుద్దేమో అనిపిస్తందండి. 'ఆమె' అనేది అనవసరం కదండి. 'వచ్చింది' అంటే తెలిసిపోద్ది."

పెన్సిలు ముక్క కంతలోంచి లోపలికి వస్తుంది, 'ఆమె' మీద గీత పెట్టడానికి. మణిమాల దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటుంది.

"తెలియదు బాబాయిగారూ. 'ఆమె' తీసేస్తే వచ్చింది బస్సనుకుంటారు."

వీర్రాజు ఆగిపోతాడు. ఇది ఆయనకి తట్టలేదు. ఈ లింగాలూ క్రియలూ ఎవరు పెట్టారో గానీ, బస్సు వచ్చినా భార్య వచ్చినా మన భాషలో 'వచ్చింది' అనే అంటాం.

మణిమాల మోకాళ్లు దించుకుని, గది తలుపు తోసుకుని బయటికి వస్తుంది. పంతొమ్మిదేళ్లలో పనివేళ ఆమె అద్దానికి అవతలకి రావడం ఇదే మొదలు. వీర్రాజు ఎదురుగా నిలబడి, కాయితం ఆయన చేతికి తిరిగి ఇచ్చి తల ఎత్తుతుంది. ఆయన కుడి కనుబొమలో తెల్ల వెంట్రుక ఒకటి మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను మీ కథ చదవలేదండి," అంటుంది. నోట్లోంచి ఆ మాటే వస్తుంది. "మొదటి మూడు పేజీలు చదివాను, చివరి పేజీ చదివాను. మధ్యది చదవలేదు. చదవకుండానే తగ్గించమన్నాను. తప్పు నాదండి."

వీర్రాజు పెన్సిలు జేబులో పెట్టుకుంటాడు, మళ్లీ తీస్తాడు, మళ్లీ పెట్టుకుంటాడు.

"మధ్యలోనే కదండి ఆవిడుంది," అంటాడు చివరికి.

ఆయన వెనక వరసలో మనుషులున్నారు. ఎవరూ బస్సు కోసం రాలేదు. మణిమాల వాళ్లనెప్పుడూ చూడకపోయినా గుర్తుపడుతుంది, తన బ్లాగు చదివేవాళ్లే. లెక్కకి నలభైమందే ఉన్నారు, ఇద్దరు ఒక్కడే కాబట్టి. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె మొహంలోకి చూసి, కోపంగా ఏమీ కాదు, పోయినవాళ్ల ఇంటికి వచ్చి వెళ్తున్నట్టు తలొంచుకుని, బస్టాండు దాటి వెళ్లిపోతారు. ఆఖరివాడు రెండుసార్లు చూస్తాడు. అది ఆమెకి నొప్పిగానే ఉంటుంది. పదకొండేళ్లు పోగేసుకున్నది పది నిమిషాల్లో పోతుంది.

"ఆ కాయితం ఒకసారి ఇవ్వండి," అంటుంది.

ఈసారి చదువుతుంది. 'ఆమె' చదువుతుంది. 'వచ్చింది' చదవబోయి ఆగుతుంది. రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. ఒక నువ్వుగింజ పట్టేంత. ఎవరూ తగ్గించమనలేదు గనక, వీర్రాజు దాన్ని తగ్గించలేదు.

మణిమాల ఆ ఖాళీలో రెండు చూపుడువేళ్లు పెట్టి మెల్లగా విడదీస్తుంది. కాయితం చిరగదు. అరచేతులు పడతాయి. తర్వాత భుజాలు పడతాయి. ఒక చేత్తో 'ఆమె'ని, ఇంకో చేత్తో 'వచ్చింది'ని పట్టుకుని, వీలైనంత దూరంగా తోస్తూ మధ్యలో నిలబడుతుంది. మాటలు బరువుగా ఉన్నాయి. దూరం జరిగేకొద్దీ వాటిని వదలకుండా ఆమె చేతులు సాగుతున్నాయి. ఎడమచెయ్యి ప్లాట్‌ఫారం దాటి, మార్కెట్టు దాటి, కాలవ ఒడ్డున వీర్రాజు ఇంటి దాకా చేరుతుంది. కుడిచెయ్యి లాకుల దాకా వెళ్తుంది. మైలు, మైలున్నర. చెమట పడుతోంది గానీ వదలాలని లేదు.

కుడి అరచేతి దగ్గర, 'వచ్చింది' పక్కన, కథ మొదట్లోలాగే వీర్రాజు లాకు తలుపు దించి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. టైము పదకొండూ ముప్పావు.

ఎడమ మణికట్టు మీద ఒక పాదం పడుతుంది. తర్వాత ఇంకోటి. రబ్బరు చెప్పులు. మణిమాల తల తిప్పి చూస్తుంది. నీరుకావి చీర కట్టుకున్న బక్కపల్చటి మనిషి, ఎండకి కొంగు తల మీద కప్పుకుని, తన చేతి మీద నడిచి వస్తోంది. నడక నెమ్మదిగా లేదు, గబగబా లేదు. మధ్యలో ఆగి కాలవలో పోయే పడవవాడితో వాళ్ల అమ్మాయి పురుడు సంగతి అడుగుతుంది. ఎండు కొమ్మ ఒకటి పక్కకి నెడుతుంది. ఏదో పాట సగం పాడి, రెండో చరణం గుర్తురాక మొదటికొస్తుంది. ఒక్కో అడుగూ చర్మం మీద పడుతుంటే, మణిమాలకి ఇదేదో నాలుగో పేజీ అయి ఉంటుందని, ఇది అయిదని తెలుస్తోంది. ఇంత ఉందా ఇందులో అనుకుంటుంది. ఏడుపొస్తుంది. చేతులు ఖాళీ లేవు గనక కళ్లు తుడుచుకోదు.

మోచేతి మడత దగ్గర చంద్రకాంతం ఆగుతుంది. అక్కడ నేల కొంచెం పల్లంగా, నీడగా ఉంది.

"ఎవరమ్మా, ఈ గట్టు నీదేనా?" అంటుంది. "కాళ్లు లాగుతున్నాయి. కాసేపు కూచోనా?"

'పది నిమిషాల్లో' అన్న ఎప్పటి జవాబే మణిమాల నాలుక చివరిదాకా వస్తుంది. ఆమె దాన్ని మింగేసి, మొహంలోకి చూస్తుంది.

"కూచోండి," అంటుంది. "ఎంతసేపైనా కూచోండి."

చంద్రకాంతం కూర్చుని కాళ్లు కాలవలోకి వేలాడేస్తుంది. నీళ్లు మణిమాల చేతిని తాకుతూ పోతున్నాయి. ఆ మనిషి కూర్చున్నచోట చుట్టూ మోచేతి మీద గరిక మొలుస్తోంది, దాని వేళ్లు లోపలికి దిగుతుంటే చక్కిలిగింతలుగా ఉంది.