అక్క చెప్పని మాట

బట్టలు కుట్టే ఆవిడ రోజూ దుకాణం మూశాక, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీశానో లేదో అని వెనక్కి వెళ్లి చూసుకునేది. మొదట్లో ఒక్కసారే. ఈమధ్య పన్నెండుసార్లు వెళ్లినా ప్రాణం కుదుటపడటం లేదు. చివరికి అక్క ఆమెను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది.

"నాకు పిచ్చా, డాక్టరుగారూ?"

"పిచ్చి కాదమ్మా. మీ భయం మారాం చేసే పిల్లలాంటిది. వెనక్కి వెళ్లినప్పుడల్లా దాని పంతం నెగ్గుతోంది. ఇకనుంచి ఒక్కసారే చూడండి. భయం పెరిగి పెరిగి, దానంతట అదే దిగుతుంది." డాక్టరు అక్క వైపు తిరిగింది. "తను అడిగినా మీరు ధైర్యం చెప్పకండి. అదీ వెనక్కి వెళ్లి చూసినట్టే."

ఆ సాయంత్రం అక్క పక్కనుండగా ఆమె ఒక్కసారే చూసి తాళం వేసింది. ఇద్దరూ వీధి మలుపులో బల్ల మీద కూర్చున్నారు. ఆమె మాటిమాటికీ దుకాణం వైపే చూసింది. జనం బట్టలన్నీ కాలిపోతున్నట్టు కళ్లకు కట్టింది.

"ప్లగ్గు తీసే ఉంది కదూ? నువ్వూ చూశావుగా, చెప్పక్కా!"

ప్లగ్గు తీసి ఉండటం అక్క చూసింది. ఒక్క మాటంటే చెల్లెలు తేలికపడుతుందని తెలుసు. ఆ మాట గొంతుదాకా వచ్చింది.

"నన్నడక్కే. నీ పక్కనే ఉన్నాగా."

"నువ్వూ రాయివైపోయావా?" అంటూ చెల్లెలు లేచింది, దుకాణం వైపు నాలుగడుగులు వేసింది, ఏడుస్తూ తిరిగొచ్చి కూలబడింది. అక్క ఆమె చెయ్యి వదల్లేదు.

ముప్పావుగంటకు ఏడుపు తగ్గింది. భయం పూర్తిగా పోలేదు గానీ, నడవగలిగేంత దిగింది.

"రేపు కూడా ఇంతేనా అక్కా?"

"ఇంతేనేమో. నేనూ వస్తాలే, పద."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.