గట్టెక్కాక వేయాల్సిన కేక

ఆ కేక పిలిచింది తననా, కడుపులో ఉన్న బిడ్డనా, ఇన్నేళ్ళయినా వెంకటరావమ్మకు తేలలేదు, మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతున్నా అదే, దేవుడి కుందిలో నూనె పోస్తున్నా అదే, ఇప్పుడు వత్తి వేస్తుంటే జ్యోతిర్మయి మాటకు మళ్ళీ అదే, హలో అంటే అసలు పలకరింపు కాదంటమ్మా, మా లెక్చరర్ చెప్పారు, దొరల దేశంలో వెనకటికి ఒడ్డున నిలబడి పడవవాణ్ణి రమ్మని వేసే కేకంట, అందులోంచే పుట్టిందని కొందరంటారంట, ఫోనొచ్చాక దీనికి తగిలించారు, అని గుంటూరు కాలేజీ నుంచి సెలవులకొచ్చిన కూతురు నవ్వుతుంటే, మీ అమ్మకి ఆ ఫోను తేలు కిందే లెక్క, పెట్టించిన కాణ్ణించి ఒక్కనాడు ముట్టుకోలా, అని వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ మొగుడు పేరయ్య అందుకున్నాడు, యార్డులో మిరప ధర అడగడానికి ఆయన అరిచే అరుపుకు ఫోను లేకపోయినా గుంటూరుకు వినపడుతుంది, ఆయనకేం తెలుసు, దీపాలవేళకు మోగుతుంది, ఎత్తితే మనిషి ఉండడు, లైను పాడంటాడు, కాదు నాన్నా, నీళ్ళ చప్పుడుంది, అని పిల్ల ఒకసారి అననే అంది.

నీళ్ళు, ఆరోజు కృష్ణ ఎర్రగా పొంగుతోంది, తను నొప్పులు పడుతుంటే పుట్టింటి ఊళ్ళో మంత్రసాని చేతులెత్తేసింది, ఏరు దాటించి అమరావతి ఆసుపత్రికి చేర్చాలి, అమ్మ ఒడ్డున నిలబడి ఓ పడవాయ్ అంటే మీరా హుస్సేన్ అన్న ఒక్కడే పలికాడు, వస్తన్నానమ్మా అని, ఆయనకో పట్టింపు, దిగినవాళ్ళు గట్టెక్కి చేరామని కేకేస్తేగాని పడవ తిప్పడు, గట్టు మీద పాములని, తనను బండిలో పడుకోబెడుతుంటే కింద పడవలోంచి ఓ అని కేక వచ్చింది, అమ్మ వినలేదు, తను విన్నది, పళ్ళు బిగిసి నోరు పెగల్లేదు, మళ్ళీ ఓ, బండి కదిలింది, ఆ రాత్రి జ్యోతి పుట్టింది, తెల్లారి పడవ ఒక్కటే దొరికింది, మనిషి దొరకలేదు, అత్తగారు చెవిలో చెప్పింది, పేరు లేని పిలుపుకు పలక్కే, పలికితే దాటించినదాన్ని తిరిగి పట్టుకుపోతాడు, అత్తగారి మాట కాదనలేక ఊరుకుంది గాని, ఎవరు ఎలా పిలిచినా పలుకుతాడనే కదా అమరేశ్వరుడికి మొక్కుకునేది, మరి పలకడం తప్పెలా అవుతుంది.

ఫోను మోగింది, నేనెత్తుతా అని జ్యోతి లేచింది, వద్దే, తన గొంతేనా అది, కూతుర్ని పక్కకు నెట్టి, నూనె చేత్తోనే అందుకుంది, చెవిలో చల్లగాలి, పడవ అంచుకు నీళ్ళు కొట్టుకుంటున్నాయి, దూరంగా ఓ, ఆరోజు గొంతే, ఒక్క ఏడూ మీద పడని గొంతు, ఎవరమ్మా అంటోంది పిల్ల, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇవ్వను, నా బిడ్డను ఇవ్వను, రమ్మంటే రాదు, రమ్మంటే, అవును, రమ్మనేది ఎవరు, ఒడ్డునున్నవాళ్ళు కదా, ఇప్పుడే కదా పిల్ల చెప్పింది, పడవలో ఉన్నవాడు ఎవర్నీ రమ్మనడు, ఆయన అడిగేది ఒకటే, చేరారా అని, అప్పుడూ అదే, ఇప్పుడూ అదే, అయ్యో, ఈ మనిషి ఇంకా పడవ తిప్పలేదు, జవాబు కోసం ఆ వరదలోనే తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు, నోరు పెగిలింది, చేరాం అన్నాయ్, ఇద్దరం చేరాం, ఇక నువ్వు పడవ తిప్పుకో, అవతల తెడ్డు ఒక్కసారి నీళ్ళలో దిగిన చప్పుడు, తర్వాత అందరి ఫోన్లలోనూ గుయ్యిమని వచ్చే మామూలు మోత.