మంచం కింద బ్యాటరీ

నేను ఒక బ్యాటరీని. టార్చిలైటులో ఇమిడే చిన్నదాన్ని కాదు. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని, "నడుం జాగ్రత్తరోయ్" అని కేకేసుకుంటూ దింపే ఇన్వర్టర్ బ్యాటరీని. నా కడుపులో వరసగా సీసం పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన యాసిడ్, నెత్తిమీద రెండు కొమ్ములు ఉంటాయి. ఒక కొమ్ము ప్లస్సు, ఇంకోటి మైనస్సు. నన్ను తయారు చేసినవాళ్లు ముక్కుకి గుడ్డలు కట్టుకుని పనిచేసేవాళ్లు. నన్ను నింపి, పరీక్షించి, ఒళ్లు తుడిచి, మెరిసే కాగితం అంటించి లారీ ఎక్కించారు.

మొదట మార్కాపురంలో ఒక ఫోటో స్టూడియోలో ఉన్నాను. కరెంటు పోగానే "బ్యాటరీ ఉందిలెండి, నవ్వండి" అనేవాడు ఆ యజమాని. మనుషులకి నవ్వడానికి కూడా కరెంటు కావాలని అక్కడే తెలుసుకున్నాను. కరెంటు ఉన్నంతసేపూ నన్ను తలిచిన నాథుడు లేడు. కొన్నాళ్లకి ఆయన నాకంటే పెద్దదాన్ని కొనుక్కున్నాడు. అప్పుడు ఓబులేసు అనే ట్రాక్టర్ డ్రైవర్ వచ్చి, నన్నూ నాతో పాటు ఒక పాత ఇన్వర్టర్‌నీ ట్రాక్టర్ ఎక్కించి వాళ్ల ఊరు తీసుకుపోయాడు. అక్కడ వాళ్ల అక్క కాశమ్మ ఇంట్లో మంచం కింద పెట్టాడు.

ఆ మంచం మీద కాశమ్మ భర్త చెన్నకేశవులు ఉన్నాడు. ముప్పై ఏళ్ల వయసు నుంచి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసిన మనిషి. పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు చేసి చేసి, ఆ రాతిపొడి పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. పక్కనే ఒక మిషను గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి, సన్నటి గొట్టంతో ఆయన ముక్కుకి అందించేది. కరెంటు ఉంటే మిషను దానంతట అదే నడుస్తుంది. పోతే నడపాల్సింది నేను. అందుకే తెచ్చారు నన్ను.

చెన్నకేశవులు పదో తరగతి దాకా చదివాడు. మంచం పట్టాక కూడా ఆ చదువు మీద మమకారం పోలేదు. ఒకరోజు పొద్దున్నే అంచు విరిగిన పలక ఒడిలో పెట్టుకుని, బలపంతో నా బొమ్మ గీశాడు.

"కాశీ, దీని కడుపులో కూడా పలకలేనంటే నమ్ముతావా?"

"మనకి పలకల పీడ వదలదన్నమాట," అంది ఆమె, ఆయన వీపుకి దిండు సర్దుతూ.

"ఇట్రా, చెప్తా. ఇది మైనస్ పలక, ఇది ప్లస్ పలక. యాసిడ్ రెండింటి మీదా పనిచేసేసరికి మైనస్ దగ్గర కంటికి కనపడని రేణువులు పోగవుతాయి. ఎలక్ట్రాన్లంటారు వాటిని. లోపల్నించి అవతలికి పోదామంటే వాటికి దారి లేదు. బయట వైరు తగిలిస్తే, దాని వెంట పోయి, మన మిషను నడిపి, ప్లస్సు దగ్గరికి చేరతాయి."

కాశమ్మ పలక వంక చూసింది. "మరి స్టూడియో ఆయన మా ఓబులేసుకి కరెంటు ప్లస్సు నించి మైనస్సుకి పోద్దని చెప్పాడంటగా?"

"పుస్తకాల్లోనూ అట్టాగే ఉంటది. ఈ రేణువుల సంగతి తెలియక ముందే పెద్దోళ్లు కరెంటు ప్లస్సు నించి బయల్దేరుద్దని అనుకున్నారు. అసలు సంగతి తర్వాతెప్పుడో తెలిసింది."

"తెలిశాకన్నా దిద్దుకోలేదా?"

"అప్పటికే లోకమంతా అలవాటు పడింది. అటు నించి లెక్కపెట్టినా ఇటు నించి లెక్కపెట్టినా జవాబు ఒకటే వస్తదని వదిలేశారు." అంత మాట్లాడేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. ఆమె చాలించమంది. ఆయన వినలేదు. గడపలో నిలబడ్డ ఓబులేసుని కూడా పిలిచాడు. "నువ్వూ వినరా. రెండు బ్యాటరీలు కలపాల్సొస్తే ప్లస్సుకి ప్లస్సే, మైనస్సుకి మైనస్సే. తిరగేశావంటే రెండూ ఒకదాని మీదొకటి విరుచుకుపడతాయి. మధ్యలో ఇన్వర్టర్ మాడిపోద్ది."

"సరే బావా, నువ్వు పడుకో ముందు."

ఓబులేసుకి ఆ బావే తండ్రి. అమ్మానాన్నా పోతే, కాశమ్మ పెళ్లి చేసుకుని కాపురానికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వాడూ వచ్చాడు. "పెళ్లికూతురితో పాటు బావమరిది కూడా కాపురానికొచ్చాడ్రోయ్" అని ఊరు నవ్వింది. చెన్నకేశవులు కూడా వాళ్లతో పాటు నవ్వి, ఆ పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని బడిలో దించి వచ్చాడట. ఈ సంగతి ఓబులేసు ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవాడు. చాలాసార్లు విన్నాను.

కాశమ్మ నన్ను చంటిబిడ్డలా చూసుకుంది. నా మూతల మీది ఎర్ర గుర్తు కిందికి దిగితే డిస్టిల్డ్ వాటర్ పోసేది. కొమ్ములకి తెల్లటి బూజు పడితే వేడినీళ్లతో కడిగి వాజిలిన్ రాసేది. నేను కరెంటు ఇచ్చేకొద్దీ నా రెండు పలకలూ ఒకేలా మారిపోతాయి, యాసిడ్ పలచబడి నీళ్లవుతుంది. కరెంటు తిరిగి వచ్చాక నాలోకి ఎదురు నడిపిస్తే, పలకలు మళ్లీ మొదటిలా అవుతాయి. మనుషుల ఊపిరితిత్తులకి ఆ వరం లేదు. మంచం కింద కూర్చుని ఆ దగ్గు వినేటప్పుడల్లా అదే అనుకునేదాన్ని.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆకాశం ఎర్రగా మారింది. గాలిదుమారం లేచి రేకులు ఎగిరాయి, ఊరి బయట వేపచెట్లు కూలి కరెంటు స్తంభాలు విరిగాయి. కరెంటు పోయింది. నేను అందుకున్నాను. లైన్‌మన్ వచ్చి చూసి, "రేపటి దాకా ఆశ పెట్టుకోబాక కాశమ్మా" అన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, బయల్దేరాం గానీ రోడ్డుకడ్డంగా చెట్లు పడ్డాయి, కొట్టిస్తున్నాం అన్నారు. నేను సాయంత్రం దాకా కూడా సరిపోను. కాశమ్మకి అది తెలుసు.

"అక్కా, ట్రాక్టర్ బ్యాటరీ ఉందిగా! ఇంజన్ నడుస్తుంటే దాని ఛార్జింగ్ దిగదు. తెచ్చి దీనికి కలుపుతా," అని ఓబులేసు చేను వైపు పరుగెత్తాడు.

వాడు ట్రాక్టర్‌తో తిరిగొచ్చేసరికి ఇన్వర్టర్ కీచుకీచుమంటోంది. నాలో సత్తువ అడుగంటింది. కాశమ్మ మంచం మీద కూర్చుని, భర్తని తన గుండెకి ఆనించుకుని పట్టుకుంది. ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి.

"వాడొచ్చాడా?" అన్నాడు. మాట కాదు, గాలి.

"వచ్చాడయ్యా. ట్రాక్టర్ చప్పుడు వినపడట్లా? అయిపోయింది, ఇంకొంచెం ఓర్చుకో."

దుమ్ములో ఓబులేసుకి దొరికిన వైర్లు రెండూ నల్లవే, ఏది ప్లస్సుదో రంగుని బట్టి తెలియదు. వాటిని ట్రాక్టర్ బ్యాటరీకి బిగించి, కిటికీలోంచి లోపలికి తోశాడు. కిటికీ ఊచల దగ్గర అవి ఒకదాని మీదుగా ఒకటి పడి దారులు మార్చుకున్నాయి. వాడు లోపలికి ఉరికొచ్చి, మంచం కిందికి దూరి, బావ ముఖం వంక కూడా చూడకుండా, ఏ చేతిలో ఉన్నదాన్ని ఆ కొమ్ముకి తగిలించాడు.

ఫెళ్లుమంది. నిప్పురవ్వలు నా మూతల మీద చిమ్మాయి. ఇన్వర్టర్‌లోంచి పొగ వచ్చింది. మిషను ఆగిపోయింది.

"అయ్యో! అయ్యయ్యో!" అంటూ వాడు, కాలుతున్న వైర్లు పీకడానికి ట్రాక్టర్ దగ్గరికి పరుగెత్తాడు.

వాడు బయట ఉన్న ఆ కాసేపటిలో ఏం జరిగిందో కాశమ్మకి తెలుసు, నాకు తెలుసు. చెన్నకేశవులు కళ్లు తెరిచాడు. మిషను ఆగిందని ఆయనకి అర్థమైంది, ఎందుకు ఆగిందో కూడా అర్థమైంది. నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతూనే, చెయ్యెత్తి గుమ్మం వైపు చూపించాడు. ఆ చెయ్యి అడ్డంగా ఊపాడు. వాణ్ణేమీ అనొద్దు. కాశమ్మ తల ఊపింది. ఆ చేతిని పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుంది. ఆయన కళ్లు ఆమె మీదే నిలిచిపోయాయి. ఆమె వాటిని మూసి, ఆయన తలని దిండు మీద ఆనించింది.

ఓబులేసు బొబ్బలెక్కిన చేతులతో లోపలికి వచ్చాడు. "అక్కా, బావ…"

"పోయాడురా," అంది ఆమె. "నువ్వు ట్రాక్టర్ తెచ్చేలోపే పోయాడు. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

వాడు అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

తర్వాత ఊరు ఊరుకుంటుందా? వైర్లు తిరగేశాడట, అందుకే పోయాడట అని గుసగుసలు మొదలయ్యాయి. పెద్దకర్మ నాడు ఎవరో వరండాలో ఆ మాటే అంటుంటే, కాశమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "ఆయన ప్రాణం పోయింది నా చేతుల్లో. ఎప్పుడు పోయిందో నాకు తెలుసు. నా తమ్ముడు గడప తొక్కే ముందే పోయింది. ఇంకోసారి వాడి పేరెత్తితే మర్యాదగా ఉండదు." అంతటితో ఊరు నోరు మూసుకుంది.

కానీ ఆ అబద్ధానికి ఆమె పెద్ద మూల్యమే చెల్లించింది. భర్తని పోగొట్టుకున్న ఆడది ఆయన చివరి చూపు చెప్పుకుని ఏడుస్తుంది, చివరి మాట చెప్పుకుని ఏడుస్తుంది. చుట్టాలు వచ్చి "పోయేటప్పుడు ఏమన్నా అన్నాడా అమ్మా?" అని అడిగితే, కాశమ్మ "ఏమీ లేదు, నిద్రలో పోయినట్టు పోయాడు" అనేది. ఆ ఎత్తిన చెయ్యి సంగతి ఎవరికి చెప్పుకోగలదు? ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఖాళీ మంచం మీద కూర్చుని, తన చేతిని తానే గుమ్మం వైపు ఎత్తి, మెల్లగా అడ్డంగా ఊపి చూసుకునేది. అప్పుడు ఏడ్చేది, పమిట నోట్లో కుక్కుకుని.

నేనిప్పుడు పాత సామాన్ల కొట్టులో, పగిలిన బకెట్ల పక్కన ఉన్నాను. ఆనాటి దెబ్బకి నా కడుపులో పలకలుండే గదుల్లో కొన్ని కాలిపోయాయి. మిగిలినవాటిలో పలకల మీద తెల్లటి ఉప్పు పేరుకుని రాయైపోయింది. ఖాళీ అయిన బ్యాటరీని నింపకుండా చాన్నాళ్లు వదిలేస్తే అంతే, మళ్లీ ఎంత కరెంటు పెట్టినా తిరిగి రాదు. రేపో ఎల్లుండో నన్ను పగలగొట్టి సీసం కరిగిస్తారు. దానికి నాకు చింత లేదు. ఆ ఇంట్లోంచి వచ్చేసిన రోజు సంగతి ఒకటే మనసులో మెదులుతోంది.

ఆ రోజు పాత సామాన్ల బండి వచ్చింది. ఇద్దరు మోయాల్సిన నన్ను ఓబులేసు ఒక్కడే మంచం కిందనించి లాగి ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, ఒక మాట. ఆ రోజు నేను లోపలికొచ్చినప్పుడు మిషను చప్పుడు వినపడింది నాకు. మిషను నడుస్తానే ఉంది."

కాశమ్మ అన్నం వారుస్తోంది. గిన్నె కింద పెట్టలేదు, వెనక్కి తిరగలేదు.

"మిషనుకేం తెలుసురా, పీల్చుకునే మనిషి ఉన్నాడో లేడో. దాని పని అది చేసుకుపోద్ది."

వాడు ఆమె వీపు వంక చూశాడు. నన్ను మోసింది వాడి చేతులే, నన్ను కాల్చింది కూడా ఆ చేతులే. అరచేతుల్లో మచ్చలు ఇంకా పోలేదు.

"అంతేలే అక్కా," అన్నాడు.

నన్ను బండిలో పెట్టి, తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. ముఖం కూడా కడుక్కున్నాడు, మళ్లీ మళ్లీ. ఆమె అబద్ధం చెప్పిందని వాడికి తెలుసు. వాడికి తెలిసిందని ఆమెకీ తెలుసు. బండి కదులుతుంటే లోపల్నించి కాశమ్మ గొంతు వినపడింది.

"రా రా, అన్నం చల్లారిపోద్ది."

వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లాడు.