తలుపు దగ్గర వేసే బిళ్ళలు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో నాది రెండో షిఫ్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలై, పాప నిద్రపోయిన చాలాసేపటికి గానీ ముగియదు. మా ఆయన సరుకు బండి నడుపుతాడు. ఏ రోజు ఇంటికొస్తాడో ఆయనకే తెలియదు. ఇన్నాళ్ళూ సాయంత్రాలు పాపను మా ఆడపడుచు చూసుకునేది. ఇప్పుడు ఆమెకూ ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి.

"ఏం చేస్తావో చూసుకో వదినా. మీ అమ్మగారి దగ్గర పెట్టినా తప్పేం లేదు," అంది.

తప్పేం లేదు. కాకపోతే మా అమ్మ ఉండేది పూట ప్రయాణం దూరంలో. పాపకు మూడేళ్ళు నిండలేదు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచుకుని కూర్చుంటుంది. పక్కనుండి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటేనే మింగుతుంది. మా అమ్మకు అంత ఓపిక లేదు. మింగకుండా పడుకుంటే గొంతుకు అడ్డం పడుతుందేమోనని నా భయం.

సరిగ్గా అప్పుడే పగటి షిఫ్టులో ఒక ఖాళీ వచ్చింది. ఫ్లోర్ మీద పనిచేసేవాళ్ళకు జాగ్రత్తలు నేర్పే పని. పదో తరగతి మధ్యలో మానేసినదాన్ని, నాకెవరిస్తారులే అనుకుంటూనే పేరిచ్చాను. పోటీకి నిలిచింది మైకు ఒక్కడే. ఇస్త్రీ యంత్రం దగ్గరుండే ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. నోరు మూస్తే ఊపిరాడదంటారు.

ఎలా నేర్పాలో మా ఇద్దరికీ నేర్పడానికి పై ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. తెర మీద చీమల బారుల్లా అక్షరాలు. అందులో ఒక వరుస, తెర మీద ఎక్కువ అక్షరాలు పెట్టకూడదని.

"చెల్లెమ్మా, ఆ ముక్క చదవడానికే కళ్ళజోడు కావాలి," అన్నాడు మైకు నా చెవి దగ్గర.

నవ్వు ఆపుకున్నాను. కానీ ఆవిడ చెప్పిన విషయం నాకు బాగా పట్టింది. మనిషి విన్నంత మాత్రాన నేర్చుకోడట. తలలోంచి తవ్వి బయటికి తీసుకున్నదే నిలుస్తుందట. కాబట్టి ముందు అడగాలి, తప్పు చెప్పినా చెప్పనివ్వాలి, ఆ తరువాత సరిదిద్దాలి, కాసేపు వేరే మాటలోకి పోయి మళ్ళీ అదే అడగాలి. తేలిగ్గా ఎక్కింది తేలిగ్గానే దిగిపోతుందట. ఇదంతా ఆవిడ ఆగకుండా చదువుకుంటూ పోయింది. మమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంటికొచ్చి ఆడపడుచు మీద ప్రయోగం చేశాను.

"జవాబేదో నువ్వే చెప్పేస్తే పోయేదానికి, నన్నెందుకు చంపుతావు వదినా?" అంది.

"నీ నోటితో చెప్తేనే నీకు గుర్తుంటుంది."

"నాకు గుర్తుండి ఏం చేయాలి? నేనేమైనా దుప్పట్లు ఉతుకుతానా?"

అది నిజమే కదా అని సరిపెట్టుకున్నాను. అక్కడే ఆలోచించాల్సింది.

మా ఇద్దరికీ ఇచ్చిన పాఠం ఒకటే. ఆసుపత్రి దుప్పట్లలో అప్పుడప్పుడూ వాడిన సూదులు వస్తాయి, వస్తే ఏం చేయాలి అని. సగంమందికి మైకు, సగంమందికి నేను. పాఠం అయ్యాక బయటికి పోతూ ఒక్కొక్కరూ తలుపు దగ్గరి డబ్బాలో బిళ్ళ వేయాలి. బాగుంటే పచ్చది, ఫరవాలేదంటే పసుపుది, బాగాలేకపోతే ఎర్రది. ఎవరి డబ్బాలో పచ్చవి ఎక్కువ పడితే ఉద్యోగం వాళ్ళది.

మైకు పాఠం నల్లేరు మీద బండిలా సాగిపోయింది. "అత్తగారి మాట పట్టుకున్నా బతకొచ్చు గానీ సూదిని చేత్తో పట్టుకోకండి," అన్నాడు. భోజనాల గది గోడలు అదిరేలా నవ్వారు. ఉతకడానికి కొత్తగా చేరిన అమ్మాయయితే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

తరువాత నా వంతు. ముందు వరసలో మూటలు విప్పే పెద్దమ్మ కూర్చుంది. మా అందరిలోకీ పాత మనిషి.

"పెద్దమ్మా, వేలికి సూది గుచ్చుకుందనుకో. మొదట ఏం చేస్తావు?"

పెద్దమ్మ చటుక్కున తల దించుకుంది.

"నేనేం చేశాను?" అంది పెద్దమ్మ.

"ఏమీ చేయలేదు. ఊరికే అడుగుతున్నా."

"ఊరికే ఎవరు అడుగుతారే?"

అప్పుడు తట్టింది నాకు. మా ఫ్లోర్ మీద ఎవరైనా ప్రశ్న అడిగారంటే తప్పు పట్టుకున్నారనే అర్థం. "ఈ మూట ఎవరు కట్టారు?" అని సూపర్‌వైజర్ అన్నాడంటే జీతంలో కోత పడ్డట్టే. ప్రశ్న వినబడగానే తల దించుకోవడం నాకూ అలవాటే. అది తెలిసి కూడా, నిలబడి అడిగేది నేనయ్యేసరికి మరిచిపోయాను.

"నోట్లో పెట్టుకుని చీకుతాను. ఎవరైనా అదేగా చేసేది," అంది చివరికి.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ చేతులు ఒళ్ళో ముడుచుకుంది. చీకకూడదు, పిండకూడదు, కుళాయి కింద ధారగా నీళ్ళు పోనివ్వాలి, సబ్బుతో కడగాలి, వెంటనే చెప్పాలి అని వివరించాను. కాసేపు ఏ రంగు మూటలో ఏ దుప్పట్లు వస్తాయో మాట్లాడి మళ్ళీ ఆమెనే అడిగాను. సగం చెప్పింది. ఇంకాసేపటికి మళ్ళీ అడిగాను. ఈసారి నా ముఖం చూడకుండా, ఉమ్మేసినట్టు మొత్తం చెప్పింది. పోనీలే, ఎక్కింది, అనుకుని లోలోపల మురిసిపోయాను.

నా డబ్బా తిరగేస్తే బల్లంతా ఎరుపు.

"వాళ్ళకు నచ్చలేదమ్మా," అంది మేడమ్.

"మీరు చెప్పినట్టే చేశాను కదండీ. కష్టపడితేనే నిలుస్తుందన్నారు."

"అన్నాను. అది నేర్చుకోవడం గురించి. ఇది పాఠం ఎలా ఉందన్న దాని గురించి."

"కొన్నాళ్ళాగి మా ఇద్దరి దగ్గర విన్నవాళ్ళనూ అడిగి చూడండి, ఎవరికి గుర్తుందో."

"అందాకా పోస్టు ఆగుతుందా అమ్మా?" అంటూ బిళ్ళలు రంగుల వారీగా సంచుల్లో వేసుకుంది. మనిషి చెడ్డది కాదు. నేను అడిగింది సబబేనని ఆవిడకూ తెలుసు. అదే మింగుడుపడలేదు.

ఒకటో తారీఖుకు ముందే మా అమ్మ వచ్చి పాపను తీసుకెళ్ళింది. బస్సు కదిలేదాకా పాప ఏడవలేదు. కిటికీలోంచి నన్ను కాక, నా వెనక బెలూన్లవాణ్ణి చూస్తోంది. ఆ తరువాత షిఫ్టు మొదలయ్యే ముందు రోజూ ఫోన్ చేసేదాన్ని. "మింగిందా అమ్మా?" అంటే, "అన్నీ మింగుతోంది, నీ బాధేమిటే," అనేది మా అమ్మ.

పాప వెళ్ళాక కొద్ది రోజులకు, ఆ కొత్త అమ్మాయి దుప్పటి విదిలిస్తూ కెవ్వుమంది. వేలి మీద నెత్తురు చుక్క. వేలు నోటి దాకా వెళ్ళిపోయింది. నేను బల్లకు అవతల ఉన్నాను, అందుకోలేను. అంతలో పెద్దమ్మ ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ధార విప్పింది. "పిండకు. సబ్బు తే. నువ్వెళ్ళి సూపర్‌వైజర్ని పిలువు," అని వరసగా చెప్పుకుపోయింది. ఒక్క ముక్క పొల్లుపోలేదు.

సూపర్‌వైజర్ పరుగున వచ్చి చూశాడు. "మైకు పాఠం బాగానే పనిచేసిందే," అన్నాడు.

"పాఠమేమిటి బాబూ, ఇన్నేళ్ళుగా మూటలు విప్పుతున్నా. ఆమాత్రం నాకు తెలియదా?" అంది పెద్దమ్మ.

ఆమె అబద్ధం ఆడలేదు. ఎప్పటినుంచో తనకు తెలిసినదేనని నమ్మే చెప్పింది. మైకు అక్కడే నిలబడి ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాక పెద్దమ్మ నా పక్కన చేరి దుప్పటి రెండో కొస అందుకుంది.

"ఆ రోజు నేనూ ఎర్రదే వేశాను అమ్మాయ్. ఏమనుకోకు. ఈ వయసులో నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు."

"ఏమీ అనుకోలేదు పెద్దమ్మా."

"పాప బాగుందా?"

"మా అమ్మ దగ్గరుంది."

"మంచిదే. పిల్లలకి ఇట్టే అలవాటైపోతుంది," అని తన కొస తెచ్చి నా చేతిలో పెట్టింది.